డ్రైవ్ కొటేషన్‌లో రాసిన విద్యుత్ ఆదాను చూసి ఆర్డరు ఇవ్వకండి

మా యూనిట్‌లోని కన్వేయర్లకు, నీటిని ఎత్తుమీది ట్యాంకుకు ఎక్కించే పంపుకు వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని మార్చే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్‌లు) అమర్చిన సరఫరాదారు, విద్యుత్ వినియోగం దాదాపు సగానికి తగ్గుతుందని కొటేషన్‌లో రాసిచ్చారు. బిగించాక మీటరు రీడింగులు ఆ అంకెకు దరిదాపుల్లో కూడా లేవు. ఇదే లెక్కను ఇతరులకూ చూపుతారన్న ఆందోళనతో ఇది రాస్తున్నాను.

వారు వాడిన సూత్రం తప్పు కాదు, వాడిన చోటు తప్పు. ఫ్యాన్లలోనూ, పైపుల్లోని రాపిడిని మాత్రమే అధిగమించే సెంట్రిఫ్యూగల్ పంపుల్లోనూ వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే, మోటారు తీసుకునే శక్తి (పవర్) వేగపు ఘనాన్ని అనుసరించి సుమారు 51 శాతానికి పడిపోతుంది. కన్వేయర్‌లో టార్క్ (తిప్పే బలం) దాదాపు స్థిరంగా ఉంటుంది కాబట్టి అదే 80 శాతం వేగానికి శక్తి కూడా సుమారు 80 శాతానికే తగ్గుతుంది. పైగా బెల్టు మీద లోడు అంతే ఉంటే అదే సరుకు మోయడానికి 25 శాతం ఎక్కువ సమయం పడుతుంది కనుక విద్యుత్ యూనిట్లలో ఆదా అయ్యేది స్వల్పం. ఎత్తుకు నీరు ఎక్కించే పంపులో వేగం ఒక హద్దు దాటి తగ్గితే నీరు అసలు పైకే ఎక్కదు. ఎప్పుడూ పూర్తి వేగంతో నడిచే మోటారుకైతే, డ్రైవ్ తనలో పోగొట్టుకునే కొద్దిపాటి శక్తి అదనపు ఖర్చే.

మేము ప్రశ్నించినప్పుడు వారు డ్రైవ్ తెరపై కనిపించే ‘ఆదా అయిన యూనిట్లు’ అనే అంకెను రుజువుగా చూపారు. అది కొలత కాదు. పాత వినియోగం ఇంత అని ఎవరో డ్రైవ్ సెట్టింగులో (పారామీటర్‌లో) నింపిన విలువ నుంచి ప్రస్తుత వినియోగాన్ని తీసివేసి డ్రైవ్ చూపే లెక్క మాత్రమే. ఆ విలువను పెంచితే ఆదా కూడా పెరుగుతుంది.

ధర తక్కువగా కనిపించడానికి మరో కారణం రేటింగు. చాలా డ్రైవ్‌లకు నేమ్‌ప్లేటుపై రెండు కరెంటు రేటింగులు ఉంటాయి: సాధారణంగా ఒక నిమిషం పాటు 110 శాతం ఓవర్‌లోడు భరించే నార్మల్ డ్యూటీ ఒకటి, 150 శాతం భరించే హెవీ డ్యూటీ మరొకటి. మాకు మొదటి రేటింగు ప్రకారం ఎంపిక చేసి ఇచ్చారు. సరుకుతో నిండిన బెల్టును కదిలించబోతే డ్రైవ్ ఓవర్‌కరెంట్‌తో ట్రిప్ అయ్యేది. డ్రైవ్ వల్ల విద్యుత్ సరఫరాలో వచ్చే హార్మోనిక్స్ అనే వక్రీకరణను తగ్గించే చోక్ (కాయిల్), పొడవైన కేబుల్ చివర మోటారు ఇన్సులేషన్‌ను కాపాడే ఫిల్టరు కూడా కొటేషన్‌లో లేవు. తర్వాత విప్పి చూసిన ఒక మోటారు బేరింగు రింగుపై దగ్గరదగ్గరగా సన్నని అడ్డగీతలు పడి ఉన్నాయి. మోటారు షాఫ్టు నుంచి బేరింగు గుండా కరెంటు పారినప్పుడు ఏర్పడే గుర్తులవి.

మా ఫిర్యాదుకు, ఆదా అంకె ఏ లోడుకు వర్తిస్తుందో కొటేషన్‌లో చెప్పలేదు కనుక తమకు బాధ్యత లేదని జవాబిచ్చారు. కాబట్టి ప్రతి మోటారుకూ లోడు రకం, రోజులో ఏ వేగంతో ఎన్ని గంటలు నడుస్తుంది, ఏ డ్యూటీ రేటింగు అన్నవి ఆర్డరులోనే రాయించండి; డ్రైవ్ ఇన్‌పుట్ వైపు విడి మీటరు పెట్టి, బిగించక ముందూ తర్వాతా టన్ను సరుకుకు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో కొలిచేదాకా చెల్లింపులో కొంత భాగాన్ని ఆపి ఉంచుకునే షరతు పెట్టండి.