భీమిలి దారిలో ఈతచెట్లు

విశాఖలో తినే ఖర్జూరం కావాలంటే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళండి. కిమియా అనే మెత్తటి ఖర్జూరం డబ్బాలు ఇరాన్ నుంచి వస్తాయి, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి. గదిలో ఫ్రిజ్ లేకపోతే మాత్రం కొనకండి, పులిసిపోతాయి. అజ్వా రకం పేరు చెప్పగానే ధర పైకెళ్తుంది, రుచి చూడనిచ్చే కొట్లోనే బేరమాడండి.

మేము మొదట దిగిన బీచ్ రోడ్డు రిసార్టు ముంగిట పెద్ద పెద్ద ఖర్జూర చెట్లున్నాయి. గెల మాత్రం ఒక్కటీ లేదు. ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. తోటల్లో అయితే మగపూల పుప్పొడి తెచ్చి ఆడపూతకు చేత్తో పట్టిస్తారు. పైగా పండే వేళ వాన పడకూడదు. గుజరాత్ కచ్‌లోనే చినుకులకు భయపడి పచ్చి గెలలు కోసేస్తారు, ఇక జూన్‌కే తడిసిపోయే మన తీరం సంగతి చెప్పాలా! అవి ఫొటోల కోసం పెంచిన చెట్లు. గదీ అంతే: కిటికీలోంచి సముద్రం, కుళాయిలో చన్నీళ్ళు, రిసెప్షన్‌లో ఫోనెత్తే దిక్కు లేదు. ఆ డబ్బుకి నేనైతే మళ్ళీ వెళ్ళను.

మర్నాడు 900కె బస్సెక్కి భీమిలిలో ఒక పాత లాడ్జీకి మారాం. ఫ్యాను గోల చేస్తుంది గానీ అడక్కుండానే బక్కెట్టుతో వేడినీళ్ళు తెచ్చి పెట్టారు. డచ్చివాళ్ళ సమాధులు అరగంటలో చూసేయొచ్చు. బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండకి మాత్రం తీరుబడిగా, ఎండ ముదరకముందే వెళ్ళాలి.

నాకు నచ్చింది ఊరి బయట ఈతచెట్లు. ఖర్జూరం జాతే గానీ పండులో కండ తక్కువ, గింజ ఎక్కువ. చలికాలంలో మొవ్వు కింద చెక్కి, కల్లు పట్టడానికి లొట్టి అనే కుండ కడతారు. ఒక ఏడు ఒక పక్క చెక్కితే మరుసటేడు రెండో పక్క. అందుకే మాను పొడుగునా వంకరటింకర గాట్లు. వాటిని లెక్కపెట్టి ఆ చెట్టుని ఎన్నేళ్ళు గీశారో చెప్పేయొచ్చు. తెల్లారేసరికి దించింది తియ్యగా, చల్లగా ఉంది. మధ్యాహ్నం అదే లొట్టిలోది పులిసి ముక్కుపుటాలదిరాయి. లొట్టి లోపల సున్నం పూస్తే అంత తొందరగా పులవదని గీసే ఆయన చెప్పాడు. తాగితే పొద్దున్నే, చెట్టు దగ్గరే తాగండి.

పక్క వాకిట్లో ఒక పెద్దావిడ ఈతాకు చాప అల్లుతోంది. మట్ట మొదట్లో ముళ్ళు కోసి పారేసి, ఆకుల్ని ఎండబెట్టి, మళ్ళీ తడిపి, సన్నటి పట్టీలుగా అల్లి అంచుకి అంచు కుడుతుంది. “బేరం ఆడకు బాబూ, నా ఏళ్ళు సూడు,” అంది. వేళ్ళ నిండా గీతలే. అడిగినంతా ఇచ్చాను. సిటీలో గిఫ్టు షాపువాడు చెప్పిన ధరలో సగం కూడా కాలేదు.

పెద్ద చాప కావాలంటే ముందురోజే చెప్పాలి. తిరుగు ప్రయాణం ఆటోలో పెట్టుకోండి, అంత పొడుగు చుట్ట చూస్తే కండక్టర్ విసుక్కుంటాడు.