మూడు రోజుల డౌన్‌టైమ్ అన్నారు, బారన్ సంగతి అడగలేదు

ఎం.ఎన్.ఆర్.ఎఫ్. అంటే సన్నటి సూదులు చర్మంలోకి దించి, రేడియో తరంగాలతో లోపల వేడి పుట్టించి మొటిమల గుంటలు పూడ్చే చికిత్స. అది చేయించుకోవాలనుకునే వాళ్ళు ముందు అడిగేది నొప్పి గురించి. మత్తు క్రీమ్ రాసి ముప్పావు గంట, గంట కూర్చోబెడతారు. నుదుటి దగ్గర, పై పెదవి మీద చురుక్కుమంటుంది, ఓర్చుకోవచ్చు. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాత మొహం మామూలయ్యేదాకా పట్టే రోజుల గురించి, దాన్నే డౌన్‌టైమ్ అంటారు. "డౌన్‌టైమ్ మూడు రోజులే మేడమ్, ఆ తర్వాత హాయిగా స్కూలుకెళ్ళండి" అన్న మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

మాది కొండపి దగ్గర పల్లె. హైస్కూల్లో టీచర్ని. కాలేజీ రోజుల్లో వచ్చిన మొటిమలు రెండు బుగ్గల మీదా గుంటలు మిగిల్చాయి. ఒంగోల్లో ఒక క్లినిక్‌లో డిసెంబరులో మొదటి సిట్టింగ్ అయింది. అప్పుడు వాళ్ళు చెప్పింది చెప్పినట్టే జరిగింది. ఆ సాయంత్రం మొహమంతా ఎరుపు, మంట. మర్నాడు కళ్ళ కింద వాపు. వాపు దిగాక చర్మం మీద సన్నటి చుక్కలు గళ్ళుగళ్ళుగా తేలాయి, చెయ్యి పెడితే ఉప్పు కాగితంలా తగిలేది. వారం తిరిగేసరికి ఆ పొట్టు కూడా రాలిపోయింది. స్టాఫ్ రూమ్‌లో అడిగిన వాళ్ళందరికీ నిశ్చింతగా చేయించుకోమని చెప్పాను. డిసెంబరు వరకూ ఆ మాట నిజమే.

రెండో సిట్టింగ్ ఫిబ్రవరిలో. మొదటిది బాగా తట్టుకున్నారు కదా అని ఈసారి మెషీన్ ఎనర్జీ, అంటే సూదుల వేడి, కాస్త పెంచారు. చేతికి ఒక కాగితం ఇచ్చారు: ఎండలోకి వెళ్ళొద్దు, రెటినాల్, యాసిడ్ సీరమ్‌లు వారం పాటు వద్దు, మొహం రుద్దొద్దు, సన్‌స్క్రీన్ మానొద్దు. సీఎల్ పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఎండ మొహానికి తగలనివ్వలేదు.

కానీ ఫిబ్రవరిలో మా ఇల్లంటే పొగాకు బారన్, పచ్చాకును పొయ్యి వేడితో ఎండబెట్టే గది. అత్తయ్యా వాళ్ళ బారన్ మా వంటింటికి ఎదురుగానే ఉంటుంది. ఒకసారి ఆకు ఎక్కించి పొయ్యి ముట్టించారంటే వారం పాటు ఆరనివ్వరు. ఈనె ఎండే చివరి దశలో లోపల వేడి 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. ఆ గోడ పక్కన నిలబడితే చాలు, మొహం కాగిపోతుంది. ఇంట్లో ఉన్నానంటే ఊరికే కూర్చుంటానా? కూలీలకు వంట, పూటపూటా టీ, రాత్రి పొయ్యి దగ్గర కాపలా ఉన్న మామయ్యకు అన్నం. సెలవు పెట్టిన కోడలికి పల్లెటూళ్ళో విశ్రాంతి ఉండదు, స్కూల్లో ఉన్నప్పుడే నయం. వేడికి దూరంగా ఉండమని ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. మీ ఇల్లెక్కడ, అక్కడ ఏం పని జరుగుతుంది అని అడిగిన మనిషీ లేడు.

ఎరుపు చెప్పిన గడువుకే పోయింది. రెండు మూడు వారాల తర్వాత బుగ్గల మీద గోధుమరంగు చుక్కలు లేచాయి, సూదులు దిగిన గళ్ళు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే. "ఏందమ్మే ఆ మచ్చలు, ఉన్నవి పోతాయని గదా డబ్బులు పోసింది?" అంది అత్తయ్య. నాకు ఏడుపొచ్చింది. క్లినిక్‌కి వెళ్తే "ఎండలో తిరిగారా?" అన్నారు. లేదన్నాను. "అయితే మీ స్కిన్ టైప్ అంతే మేడమ్" అని పంపేశారు. ఆ స్కిన్ టైప్ సూది దించే ముందు కూడా వాళ్ళ కళ్ళెదుటే ఉంది కదా!

మా పుట్టిల్లు నెల్లూరు. అక్కడ వేరే స్కిన్ డాక్టరు గారికి చూపించాను. ఆవిడ మొదట అడిగింది నా పని గురించి, ఇంటి గురించి. లేజర్‌లా ఈ మెషీన్ రంగును వెతుక్కుని కాల్చదు, అందుకే చామనచాయ వాళ్ళకు కూడా వాడొచ్చంటారు, అది నిజమే అన్నారు. కాకపోతే మన చర్మానికి ఏ గాయమైనా, ఏ వాపైనా మానేటప్పుడు రంగు ఎక్కువ పుట్టించే గుణం ఉంది. ఎండే కాదు, వేడి కూడా దాన్ని ఎగదోస్తుందట. పెంచిన ఎనర్జీ వల్లా, బారన్ వల్లా అని అడిగితే విడదీసి చెప్పలేనన్నారు. నాకు ఆ జవాబు నచ్చింది. అజెలాయిక్ యాసిడ్ క్రీమ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ రాశారు. మచ్చలు పూర్తిగా మాయమయ్యేసరికి దసరా వచ్చింది. నా లెక్కలో ఆ సిట్టింగ్ డౌన్‌టైమ్ మూడు రోజులు కాదు, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం.

2025 అక్టోబరులో అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం మెషీన్ల మీద హెచ్చరిక ఇచ్చింది. కాలిన గాయాలు, గాయపు మచ్చలు, చర్మం కింద కొవ్వు కరిగిపోవడం, నరాలు దెబ్బతినడం జరిగినట్టు ఫిర్యాదులు వచ్చాయని చెప్పింది. వాటి ముందు నాది చిన్న కష్టమే. అయినా పెళ్ళిచూపుల ముందు, అన్న పెళ్ళికి ముందు చేయించుకోవాలనుకునే అమ్మాయిలకు ఈ రంగు సంగతి ముందే తెలియాలి.

ఫలితం లేదని మాత్రం అనను. బుగ్గల మీద వెడల్పాటి గుంటలు బాగా పూడాయి. అది కూడా మూడు నాలుగు నెలలకు గానీ తెలియలేదు, లోపల చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ కట్టుకోవడానికి అంత కాలం పడుతుంది. సూదితో పొడిచినట్టుండే లోతైన గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి వేరే చికిత్స కావాలట.

మూడో సిట్టింగ్ కార్తీకం దాటాక, నెల్లూరులో, ఎనర్జీ తగ్గించి చేయించుకున్నాను. అమ్మ దగ్గరే వారం ఉండిపోయాను, వంటింటి వైపు రానివ్వలేదు ఆవిడ. మచ్చ రాలేదు. ఏసీ గదిలో కూర్చుని పనిచేసే వాళ్ళకు మూడు రోజులు సరిపోతుందేమో. పొలంలో తిరిగే వాళ్ళకు, పొయ్యి ముందు నిలబడే వాళ్ళకు, మా ఇంటిలాంటి ఇల్లున్న వాళ్ళకు ఆ లెక్క సరిపోదు. నా మట్టుకు నాలుగోది చేయించుకోవాలంటే మళ్ళీ డిసెంబరే, అదీ ఆకు బారన్‌కెక్కే లోపు.