డ్రమ్ము సంగతి చెప్పి, బకెట్టు సంగతి వదిలేసిన నివేదిక

రియాక్టర్లు కడగడానికి మేము డ్రమ్ముల్లో తెప్పించుకునే నీలిరంగు ద్రావణంలో 12 శాతం కాస్టిక్ సోడా ఉంటుంది. అయినా అమ్మినవారు ఇచ్చిన భద్రతా పత్రంలో, అంటే 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల తొమ్మిదో షెడ్యూలు కోరే పత్రంలో, ‘చర్మానికి, కంటికి మంట పుట్టించవచ్చు’ అన్న ఒక్క ముక్కే ఉంది. చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీలో భద్రత పని చూసే నాకు అది నమ్మబుద్ధి కాక, నమూనాను హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలకు పంపాను.

అనుమానం పుట్టించింది మా ఆపరేటరే. గ్లవుజు చిరిగి మణికట్టు మీద ద్రావణం పడినా అతను వెంటనే కడుక్కోలేదు. అడిగితే, ‘సబ్బు నీళ్ల లెక్క జారుతుంది గదా సార్, ఏం గాదనుకున్న’ అన్నాడు. ఆ జారుడే ప్రమాదం. క్షారం చర్మంలోని కొవ్వును నిజంగానే సబ్బుగా మారుస్తూ లోపలికి దిగుతుంది, నొప్పి మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. సాయంత్రానికి అతని మణికట్టు మీద తోలు తెల్లబడి మెత్తబడింది.

ప్రయోగశాలలో నాకు నచ్చిన మొదటి విషయం నిజాయితీ. మేము చర్మానికీ కంటికీ విడివిడిగా పరీక్షలు అడిగితే, చర్మాన్ని కాల్చే ఒకటో శ్రేణి అని తేలిన పదార్థాన్ని కంటికీ తీవ్ర హాని చేసేదిగానే లెక్కిస్తారనీ, అందువల్ల ముందు చర్మ పరీక్ష ఫలితం చూద్దామనీ వారే ఫోన్ చేసి చెప్పారు. అంతకుముందు మరోచోట అడిగితే రెండింటికీ రుసుము వేసి కొటేషన్ పంపారు.

1944 నాటి డ్రైజ్ పద్ధతిలోలా కుందేళ్లను వాడకుండా, మనిషి కణాలతో పెంచిన చర్మపు పొర మీద ద్రావణాన్ని మూడు నిమిషాలు, మరో పొర మీద గంటసేపు ఉంచి, బతికిన కణాలు రంగుద్రవ్యం నుంచి పుట్టించే ఊదారంగు ముదురును బట్టి అవి ఎన్నో కొలిచారు. ఇది ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఖాయం చేసిన 431వ నంబరు పద్ధతి. మా ద్రావణపు నీలిరంగు ఆ కొలతను తప్పుదారి పట్టించకుండా అదనంగా ఒక సరిపోలిక పరీక్ష కూడా చేశారు. ఫలితం 1ఏ, అంటే మూడు నిమిషాలు తగిలినా చర్మాన్ని కాల్చేదన్నమాట. మూడు వారాలన్నది ఐదు వారాలైంది కానీ, దానికి నేను పెద్దగా బాధపడలేదు.

బాధంతా నివేదిక ఆగిపోయిన చోటు గురించే. మా వాళ్లు దీన్ని ఇరవై రెట్లు పలచన చేసి బకెట్లలో వాడతారు, ఆ మాట దరఖాస్తులోనే రాశాను. అప్పుడు కాస్టిక్ 0.6 శాతానికి దిగుతుంది. క్షార గుణాన్ని చూపే పీహెచ్ అంకె మాత్రం 11.5 దాటే ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క అంకెనే చూస్తే అదీ కాల్చేదే. అయితే అందులో ఉన్న క్షారం మొత్తం తక్కువ కావడంతో, యూరప్ పరిమితుల ప్రకారం 0.5 నుంచి 2 శాతం మధ్య కాస్టిక్ మంట పుట్టించే శ్రేణిలోకే వస్తుంది. కలిసి ఉన్న ఇతర పదార్థాల వల్ల మా ద్రావణం ఎటు మొగ్గుతుందో చెప్పాల్సింది వారే. అడిగితే కొత్త నమూనా, కొత్త రుసుము అన్నారు.

నివేదికలోని ప్రథమ చికిత్స పేరా కూడా ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టే ఉంది. పదిహేను నిమిషాలు కన్ను కడగమనడం సరైనదే, కానీ మా బోరు నీటి సున్నానికి ఐవాష్ నాజిల్ మూడు నెలలకే పూడుకుపోతుంది, మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత కాగుతాయి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలన్న ఒక్క వాక్యం రాసి ఉంటే, ట్యాంకుకు నీడ వేయించమని యాజమాన్యాన్ని అడగడానికి నాకు ఆధారం దొరికేది.

పరీక్ష వరకు ఈ ప్రయోగశాలను నమ్మవచ్చు, నేనూ మళ్లీ వెళతాను. పంపేవారు మాత్రం డ్రమ్ములోనిదొకటి, బకెట్లో కలిపిందొకటి, మొదటిసారే రెండు సీసాలు పంపి, రెండింటికీ శ్రేణి తేల్చాలని ఆర్డరులోనే రాయించుకోండి.