ట్రైనింగ్ కంపెనీ ఇచ్చే ఫీడ్‌బ్యాక్ రిపోర్టు చూసి బిల్లు పాస్ చేయకండి

ఆఫీసులో ట్రైనింగులు పెట్టించే హెచ్‌ఆర్ వాళ్లు, చిన్న కంపెనీలు నడిపేవాళ్లు కొటేషన్‌లో "ఫీడ్‌బ్యాక్ రిపోర్టు ఉచితం" అని కనిపిస్తే కాస్త ఆగండి.

కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎలా మాట్లాడాలో నేర్పమని మా సపోర్ట్ టీముకి ఒక సంస్థతో ట్రైనింగ్ పెట్టించాం. ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. క్లాసు అయిన మర్నాడే ఇన్‌వాయిస్‌తో పాటు రంగురంగుల రిపోర్టు వచ్చింది. సగటు 5కి 4.8! నెల తిరిగినా ఎస్కలేషన్లు, అంటే పై అధికారుల దాకా వెళ్లే ఫిర్యాదులు, మాత్రం తగ్గలేదు. టీమ్ లీడ్‌ని అడిగితే, "క్లాసు సరదాగానే గడిచిందండీ. కానీ రీఫండ్ ఇచ్చే అధికారం మాకు లేనప్పుడు ఎంత తియ్యగా మాట్లాడి ఏం లాభం?" అన్నాడు. అసలు పనికొచ్చే ఈ ముక్క రిపోర్టులో ఎక్కడా లేదు.

ఎలా ఉంటుంది? ఫారం నింపితేనే సర్టిఫికెట్ అన్నారట. పేరు, ఈమెయిల్ తప్పనిసరి. ట్రైనర్ గదిలోనే నిలబడి "మీరిచ్చే స్టార్లే నా అప్రైజల్" అని నవ్వుతూ చెప్పాడట. ఆప్షన్లు మూడే. బాగుంది, చాలా బాగుంది, అద్భుతం. బాగుందికే 3 మార్కులు, ఇక సగటు అంతకంటే కిందికి ఎక్కడ దిగుతుంది? జవాబుల షీట్ పంపమంటే "అది మా డేటా" అన్నారు. పైగా మావాళ్లు రాసిన మెచ్చుకోళ్లు పేర్లతో సహా వాళ్ల బ్రోచర్‌లోకి ఎక్కాయి. ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లోనే ట్రైనింగ్ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడమన్నాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకి ఏం ఒరిగింది. ఇలాంటి రిపోర్టుల్లో మొదటి మెట్టు తప్ప ఏమీ ఉండదు, అదీ మెరుగులు దిద్ది.

అందుకే ఫారం మనమే తయారు చేస్తామని, జవాబులు నేరుగా మనకే వస్తాయని పర్చేజ్ ఆర్డర్‌లో రాయించండి. పేరు అడగొద్దు. పది మంది కూడా లేని బ్యాచ్‌లో డిపార్ట్‌మెంట్, అనుభవం అడిగినా పేరు అడిగినట్టే, ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. "ట్రైనర్ ఎలా చెప్పారు" అనేదాని బదులు "ఏ భాగం తీసేసినా నష్టం లేదు?", "వచ్చే వారం మీ పనిలో ఏం మారుస్తారు?" అని అడగండి. మూడు నాలుగు వారాలాగి వాళ్లనీ, వాళ్ల మేనేజర్లనీ మళ్లీ అడగండి. నేర్చుకున్నది వాడారా, వాడకపోతే ఏం అడ్డొచ్చింది? నా వరకు ఈ చివరి ప్రశ్న ఒక్కటే మొత్తం రిపోర్టు పెట్టు.

చివరి విడత డబ్బు ఈ రెండో ఫారం అయ్యాకే ఇచ్చేలా ముందే ఒప్పుకోండి. అయితే అవతలిది ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం కింద రిజిస్టరైన చిన్న సంస్థ అయితే 45 రోజులకు మించి బిల్లు ఆపే వీల్లేదు, కాబట్టి తేదీలు చూసుకుని పెట్టుకోండి. బ్రోచర్‌లో మనవాళ్ల మాటలు వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలన్న షరతు కూడా అదే ఆర్డర్‌లో చేర్చండి.