పాత తారు డ్రైవ్‌వే: మళ్లీ తారా, నీరు ఇంకే రెజినా?

ఇంటి ముందు తారు బాట బీటలు వారి, వాన పడ్డప్పుడల్లా నీళ్లు నిలుస్తుంటే చేయగలిగినవి మూడు. మళ్లీ తారే వేయించడం, పాత తారు మీదే రెజిన్ (కంకర రాళ్లను అతికించే జిగురు లాంటి పదార్థం) పరిపించడం, అంతా తవ్వి నీరు ఇంకే బాట కొత్తగా వేయించడం. చాలామంది రెండోది చేయించుకుని మూడోది చేయించామనుకుంటారు. నాకు బాధ కలిగించేది అదే.

చిన్న కంకరను రెజిన్‌తో మిక్సర్‌లో కలిపి తాపీతో పరిస్తే రాళ్ల మధ్య సందులు మిగులుతాయి, నీరు దిగుతుంది. రెజిన్ పూసి పైన కంకర చల్లే రకంలో మాత్రం అడుగంతా రెజిన్ పొరే కాబట్టి చుక్క దిగదు. కొటేషన్ ఏ రకానికో ముందే అడగండి.

మొదటి రకమైనా సరే, కార్లు తిరిగే చోట దాని మందం సుమారు 18 మిల్లీమీటర్లే. దాని కింద పాత గట్టి తారు ఉంటే నీరు అక్కడే ఆగి, వాలు ఎటుంటే అటు పోతుంది. పాత బీటలు కూడా కొన్నాళ్లకు పైకి తేలతాయి. నిజంగా ఇంకాలంటే అడుగున సన్నపొడి లేని కంకర, దాని మీద సందులున్న తారు పొర, ఆపైన రెజిన్ ఉండాలి. బంకమన్ను నేలైతే నీరు మెల్లగా ఇంకుతుంది కాబట్టి కంకర పొర మందంగా వేయాలి, లేదా నీరు బయటికి పోయే పైపు పెట్టాలి.

తారు చవక, పని త్వరగా అవుతుంది, గుంత పడితే పూడ్చడం తేలిక. కానీ ఎండకు పెళుసుబారుతుంది, పెట్రోలు కారితే మెత్తబడుతుంది. రెజిన్ అందంగా ఉంటుంది గానీ అతుకు వేస్తే రంగు తేడా కనిపిస్తుంది. తడి ఉన్న రోజు వేస్తే నురగ కట్టి తెల్లబారుతుంది. ఎండను తట్టుకునే రకం కాకపోతే పసుపు తిరుగుతుంది. ఆకులు, మట్టి ఊడవకుండా వదిలేస్తే సందులు పూడిపోతాయి.

పాత బాట నీరు మీ మొక్కల్లోకే పోతుంటే మళ్లీ తారు చాలు. గడప వైపో, వీధి కాలువలోకో పోతుంటే తవ్వించాల్సిందే. పాత తారు మీదే రెజిన్ పరిపించడం కేవలం అందం కోసమే, అదీ కింది తారు గట్టిగా ఉంటేనే.

బడ్జెట్ చాలకపోతే కింది పొరలు ఇప్పుడు సరిగ్గా వేయించి, రెజిన్ వాయిదా వేయండి. సందులున్న తారు మీద కారు నిలుపుకోవచ్చు. తర్వాత రెజిన్ వేసే ముందు నూనె మరకలు, పేరుకున్న మట్టి పూర్తిగా కడిగించాలి.