పర్లాకిమిడిలో సీఆర్వోల నాబ్‌లు బాగుచేసే కొట్టు: మా ల్యాబ్ సామాను ఇచ్చి చూశాక

ముందే చెప్పేస్తాను. సీఆర్వోలో (కరెంటు సంకేతాన్ని తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోప్) నాబ్ తిప్పితే గీత ఎగిరిపోవడం, ఫంక్షన్ జనరేటర్‌లో (పరీక్షలకి కావలసిన అలలు తయారుచేసే పెట్టె) పెంచుతుంటే అంకె తగ్గడం, పవర్ సప్లైలో వోల్టేజి ఉన్నట్టుండి పైకి పోవడం... మీ బాధ ఇదే అయితే, మీరు ఒడిశాలోని గజపతి జిల్లాలోనో, ఇటు పాతపట్నం, టెక్కలి వైపో ఉంటే, పెట్టె కట్టి కంపెనీకి కొరియర్ చేసేముందు ఈ కొట్టుకి ఒకసారి తీసుకెళ్లండి. మెషీన్ కొలతలు సరిగ్గా ఉన్నాయని చెప్పే క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ కావాలంటే మాత్రం వెళ్లి లాభం లేదు. ఎందుకో కింద రాశాను.

నేను ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పిల్లలు ప్రాక్టికల్స్‌కి వచ్చి తిప్పి పారేసిన నాబ్‌లన్నీ చివరికి నా బల్ల మీదకే వస్తాయి. కొట్టు పేరు, ఫోన్ నంబరు ఇక్కడ రాయడం లేదు, కొట్టాయనే వద్దన్నాడు. "రాసీసినారంటే ఊళ్లో మిక్సీలన్నీ నా దగ్గరకే పట్టుకొచ్చీస్తారమ్మా" అన్నాడు. బోర్డు మీద టీవీ, ఇన్వర్టర్, సౌండ్ బాక్స్ అని మాత్రమే ఉంటుంది. రాజావారి కోట వైపు నుంచి బజారులోకి వచ్చే దారిలో "సీఆర్వోలు చేసే అన్నయ్య కొట్టెక్కడ" అని తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా చూపిస్తారు.

నాకు నచ్చిన మొదటి సంగతి, ఆయన చేతికి స్ప్రే డబ్బా తొందరగా రాదు. ఇంతకుముందు వేరేచోట ఇచ్చినప్పుడు మూత తీయకుండానే నాబ్ సందులోంచి ఏదో బుస్సుమని కొట్టి ఇచ్చేశారు. నెల తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది. ఈయన ప్లగ్ పెట్టకుండానే ఒక్కో నాబ్ తిప్పి చూశాడు. రెండు చివర్లా ఆగి, మధ్యలో నున్నగా తిరిగేది పాట్, అంటే తిప్పేకొద్దీ విలువ మారే రెసిస్టర్ (పొటెన్షియోమీటర్). టక్కు టక్కుమని లెక్కపెట్టినన్ని స్థానాల్లో ఆగేది స్విచ్. టిక్ టిక్‌మంటూ అంతు లేకుండా ఎటైనా తిరుగుతూనే ఉండేది ఎన్‌కోడర్, ఎటు ఎంత తిప్పామో లోపలి చిప్‌కి చెప్పేది. "మూడింటికీ జబ్బు ఒక్కలాగే కనిపిస్తాది. మందు ఒకటి కాదు. ఏది ఏటో తెలకుండా కొట్టీమంటే ఎలాగమ్మా?" అన్నాడు.

మొదట సీఆర్వో. 20 మెగాహెర్ట్జ్, రెండు ఛానెళ్ల పాత అనలాగ్‌ది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున మా ల్యాబ్ కిటికీ రెక్కలు ఊడి లోపలికి జల్లు కొట్టింది. అప్పటినుంచీ తెర మీద అల ఎంత ఎత్తున కనిపించాలో మార్చే దీని వోల్ట్స్ పర్ డివిజన్ నాబ్‌ని ఒక స్థానంలో పెడితే గీత ఉంటుంది, వేలు తగిలిస్తే మాయం. ఆయన మూత తీసి, పిక్చర్ ట్యూబ్‌కి వెళ్లే రెండు వేల వోల్టుల లైనులో ఛార్జి దిగిపోయేదాకా ఆగి, స్విచ్ చూపించాడు. వెండి పూత వేసిన కాంటాక్టులు నల్లగా మారిపోయి ఉన్నాయి. గట్టి కాగితాన్ని సన్నని పట్టీగా కోసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి లాగాడు. కాగితం మీద నల్లటి చారలు. చార పడడం మానేదాకా కొత్త పట్టీలు లాగుతూనే ఉన్నాడు. గరుకు కాగితం పెడితే పని తొందరగా అవుతుంది గదా అంటే, పూత లేచిపోయి ఏడాదికి ఇంకా ఎక్కువ నలుపు పడుతుందన్నాడు.

అదే సీఆర్వోలో గీతని పైకీ కిందకీ జరిపే పొజిషన్ నాబ్ మాత్రం పాట్. దానికి కాంటాక్ట్ క్లీనర్ సన్న గొట్టంతో రెండు చుక్కలంత కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి పదేపదే తిప్పించాడు. తిప్పడం నా చేతే చేయించాడు, చెయ్యి నొప్పెట్టింది. ఈ స్ప్రేల గురించి ఆయన చెప్పింది మీకూ పనికొస్తుంది. కొన్ని ఆరిపోయి ఏమీ మిగల్చవు, కొన్ని పల్చని నూనె పొర మిగులుస్తాయి. పాట్ లోపల కంపెనీవాళ్లు పెట్టిన చిక్కటి గ్రీజు ఉంటుంది, నాబ్ మెత్తగా, కొంచెం బరువుగా తిరిగేది దానివల్లే. స్ప్రే ఎక్కువ కొడితే అదంతా కడుక్కుపోయి నాబ్ వదులుగా గిర్రున తిరుగుతుంది. అందరింట్లో ఉండే నీలం-పసుపు డబ్బా మామూలు డబ్ల్యూడీ-40 ఆయన దగ్గరా ఉంది, కాకపోతే తలుపు వైపు మేకుకి వేలాడుతోంది. తుప్పు పట్టిన బోల్టులకే అది. అదే కంపెనీ కాంటాక్ట్ క్లీనర్ అని వేరే డబ్బా అమ్ముతుంది, రెండూ ఒకటి కాదు. పాతకాలపు టీవీ మెకానిక్కులు సీటీసీ అని వాడేవారు గుర్తుందా, ఆ కార్బన్ టెట్రాక్లోరైడ్ ఓజోన్ పొరకీ మన కాలేయానికీ కూడా చేటు. మాంట్రియల్ ఒప్పందం కింద 2010 నాటికి మన దేశంలో అలాంటి వాడకం ఆపేశారు. ఇప్పటికీ ఎవరైనా పాత సీసా తీసి "ఇదే అసలు మందు" అంటే వద్దనండి.

పరీక్షించే తీరు కూడా బాగుంది. సీఆర్వో ముందువైపు ఉండే క్యాలిబ్రేషన్ పిన్ను నుంచి 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చి, నాబ్‌ని వేలితో అటూ ఇటూ కదుపుతూ అల ఎత్తు మారుతోందా అని చూశాడు. పక్కనే ఉండే వేరియబుల్ నాబ్ క్యాల్ గుర్తు దగ్గర లేకపోతే ఎత్తు ఎప్పుడూ తప్పే చూపిస్తుంది. సగం మంది పిల్లలు "మేడమ్, సీఆర్వో పాడైంది" అని వచ్చేది దానికే.

నా గోల ఎక్కువగా పవర్ సప్లై గురించి. 0 నుంచి 30 వోల్టుల దాకా ఇచ్చేది. పిల్లలు 5 వోల్టులు పెట్టుకుని మైక్రోకంట్రోలర్ బోర్డు తగిలిస్తారు. కొంచెం సరిచేద్దామని నాబ్ ముట్టుకుంటే చాలు, మీటరు ముల్లు చివరికంటా కొట్టి వెనక్కొస్తుంది. కంటికి రెప్పపాటే. బోర్డుకి ఆ రెప్పపాటు చాలు. కాలిపోయిన బోర్డుల డబ్బులు పిల్లలు కట్టారు. అందుకే దీన్ని చిన్న జబ్బుగా చూడొద్దంటాను.

దీనికి స్ప్రే కొట్టనన్నాడు. కొట్టు తలుపు దగ్గరే నిలబడి కాసేపు వాదించాను, ఎందుకంటే మా ల్యాబ్‌లో కొత్త భాగం కొనాలంటే ఒక కాగితం, పాతది శుభ్రం చేస్తే కాగితం అక్కర్లేదు. ఆయన పాట్ విప్పి కార్బన్ దారి చూపించాడు. 5 వోల్టుల చుట్టుపక్కల వచ్చే చోటే అరిగి తెల్లబడింది, అందరూ తిప్పేది అక్కడే గదా. అరిగిన దారిని ఏ మందూ తిరిగి తేలేదు. ఆ దారి మీద జారే లోహపు కొన అక్కడ ఒక్క క్షణం గాల్లో ఉంటే, ఈ సర్క్యూట్‌కి అది పూర్తిగా పెంచినట్టే లెక్క. కొత్తది 10 కిలో ఓమ్‌ల లీనియర్ పాట్ (తిప్పినంత మేరా సమంగా మారేది) వేశాడు. సౌండ్ బాక్సుల్లో వచ్చే లాగ్ పాట్ వేస్తే ఒక చివర ఏమీ కదలదు, ఇంకో చివర అంతా ఒకేసారి వచ్చేస్తుంది. దొరికిందేదో పెట్టే కొట్లలో ఈ పొరపాటు మామూలే.

ఆ తర్వాత చేసింది నేను అడగని పని. పాట్‌లో ఆ జారే కొనకి కలిసే మధ్య కాలు నుంచి సున్నా వోల్టుల వైపు కాలుకి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి అతికించాడు. రేపు ఈ పాట్ కూడా అరిగి కొన గాల్లోకి లేచిందనుకోండి, అప్పుడు వోల్టేజి పైకి పోదు, సున్నాకి పడిపోతుంది. "పాడవడం ఎలాగూ పాడవుతాదమ్మా. పాడయినప్పుడు ఎటు పడాలో మనం సెప్పాలి" అన్నాడు. దీనివల్ల నాబ్ మధ్యలో ఉన్నప్పుడు వోల్టేజి రవ్వంత తక్కువగా వస్తుంది. మనం చూసేది మీటరునే గానీ నాబ్ చుట్టూ ఉన్న అంకెలని కాదు కాబట్టి తేడా తెలియదు. మాకు తెలిసిన సర్వీసు వాళ్లెవరూ ఈ రెసిస్టర్ పెట్టగా నేను చూడలేదు. ఒక్కటే మాట, ఇది అన్ని సప్లైలకీ ఇలాగే పనికిరాదు. కొన్నింటిలో పాట్ కలిపే తీరే వేరు, ముందు సర్క్యూట్ చదవాలి. మీరు ఇంట్లో చేసుకోబోతే అది చూసుకోండి.

ఇక ఫంక్షన్ జనరేటర్. డిజిటల్‌ది. ఫ్రీక్వెన్సీ పెంచాలని కుడివైపు తిప్పితే 1000, 1001, 1000, 999, 1000 ఇలా ఆడుకునేది. అంతు లేకుండా తిరిగే నాబ్ గదా, ఎన్‌కోడర్. లోపల రెండు కాంటాక్టులు ఉంటాయి, ఏ, బీ అనుకోండి. తిప్పినప్పుడు ఒకటి ముందు, ఇంకోటి ఒక పల్సులో పావు వంతు వెనకగా తెరుచుకుని మూసుకుంటాయి. ఏ ముందొస్తే కుడి, బీ ముందొస్తే ఎడమ అని లోపలి చిప్ లెక్కేస్తుంది. ఏ మీద మురికి పట్టి ఒక్కసారి తప్పితే చిప్‌కి దిక్కు తలకిందులవుతుంది. ఆయన అప్పుడే బాగుచేసిన మా సీఆర్వోకే రెండు ఛానెళ్లూ ఈ రెండు తీగలకి తగిలించి నెమ్మదిగా తిప్పాడు. బీ గీత శుభ్రంగా మెట్లలా వచ్చింది. ఏ గీత మెట్టు అంచున గజగజ వణికింది. ఇన్నాళ్లూ ప్రోగ్రామ్ పాడైందని అనుకుంటున్న మా సార్‌కి ఆ ఫొటో పంపాను.

పాత ఎన్‌కోడర్ రేకు చెవులు వంచి తెరిస్తే లోపల జుట్టంత సన్నని స్ప్రింగు వేళ్లు, వాటికింద చారల బిళ్ల, దాని మీద నల్లబడ్డ గ్రీజు. కడిగితే కొన్నాళ్లు నడుస్తుంది, అత్యవసరమైతే అలాగే ఇస్తానన్నాడు. పరీక్షలు లేవు కాబట్టి మార్చమన్నాను. ఇక్కడ చాలామంది బోల్తాపడే సంగతి ఒకటుంది. కొత్త ఎన్‌కోడర్ సైజు సరిపోతే సరిపోదు. చుట్టుకి ఎన్ని టిక్కులు, ఎన్ని పల్సులు అన్నది పాతదానితో కలవాలి. 24 టిక్కులకి 24 పల్సులు ఇచ్చేవి ఉన్నాయి, 30 టిక్కులకి 15 పల్సులు ఇచ్చేవీ ఉన్నాయి. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే ఒక టిక్కుకి రెండంకెలు దూకడమో, రెండు టిక్కులకి ఒక అంకె కదలడమో అవుతుంది. కడ్డీ పొడుగు, డీ ఆకారంలో కోసిన వైపు కూడా చూడాలి, లేకపోతే పాత నాబ్ ఎక్కదు.

పేరు లేని చవక రకమా, ఆల్ప్స్, బౌర్న్స్ లాంటి కంపెనీ రకమా అని అడిగాడు. కంపెనీదే వేయించాను. పిన్నుల దగ్గర చిన్న ఫిల్టర్ కూడా పెట్టాడు, ఒక్కో లైనుకి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, 10 నానోఫారడ్ల కెపాసిటర్. బౌర్న్స్ వాళ్ల డేటాషీట్‌లోనే ఇచ్చిన విలువలివి, ఫోన్‌లో తీసి చూపించాడు. వణుకు పోవాలని ఇంకా పెద్ద కెపాసిటర్ పెడితే వేగంగా తిప్పినప్పుడు టిక్కులు మింగేస్తుందట. మెషీన్ వచ్చి రెండు సెమిస్టర్లు దాటింది. ఇప్పటికి ఒక్క అంకె వెనక్కి పోలేదు.

అన్నీ మెచ్చుకోవడానికి లేదు. ఎల్సీఆర్ మీటర్ (కాయిల్, కెపాసిటర్, రెసిస్టర్ విలువలు కొలిచేది) ఒకటి ఇస్తే తిప్పి చూసి, నాబ్ వెనక వెలుతురుతో పనిచేసే ఆప్టికల్ ఎన్‌కోడర్ ఉందని, అది తన వల్ల కాదని మూసి ఇచ్చేశాడు. దానికి డబ్బు తీసుకోలేదు, అయినా పని పని గదా, మిగిలిపోయింది. భాగాలు బరంపురం నుంచో విశాఖ నుంచో రావాలి, వారం అన్నది రెండు వారాలవుతుంది. రథయాత్ర రోజుల్లో కొట్టు అసలు తీయడు. తిరిగొచ్చిన సీఆర్వో మూతకి ఒక స్క్రూ వేరే రకంది వచ్చింది, చూడగానే తెలిసిపోతుంది. జీఎస్టీ బిల్లు ఇవ్వడు, చేతిరాత చీటీయే. మా పర్చేజ్ సెక్షన్‌లో ఆ చీటీ పాస్ చేయించడం ఎన్‌కోడర్ మార్చడం కన్నా కష్టమైంది. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చే సర్టిఫికెట్ కావలసిన సంస్థలు అటే పంపుకోవాలి. నాబ్ బాగుపడడం వేరు, మీటరు నిజం చెబుతోందని ఇంకొకళ్లు సంతకం పెట్టడం వేరు.

మజూరీ నాబ్‌కి 250 రూపాయలు, భాగం ఖర్చు వేరే. స్ప్రేతో పోయేదానికి వంద తీసుకున్నాడు.

పిల్లలు పోగొట్టిన ఒక నాబ్ టోపీకి మాత్రం ఏ బజారులోనూ జోడీ దొరకలేదు. ఆయన తెలిసిన కొమ్ము పనివాడికి ఇచ్చి గేదె కొమ్ముతో చేయించి తెచ్చాడు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకి పేరున్న ఊరు కదా. నల్లగా నిగనిగలాడుతూ, పక్కనున్న ప్లాస్టిక్ నాబ్‌ల కన్నా బాగుంది. దానికి ఎంతయిందో చెప్పమంటే చెప్పలేదు.

వెళ్లేవాళ్లు మెషీన్‌తో పాటు ఊడిన నాబ్ టోపీలు, స్క్రూలు ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. మాన్యువల్ ఉంటే సర్క్యూట్ పేజీల జెరాక్స్ కూడా. ఏ నాబ్, ఏ స్థానంలో, ఎటు తిప్పితే తేడా చేస్తోందో చీటీ మీద రాసి అతికించండి. పొద్దున పదిన్నర తర్వాతే వెళ్లండి. సాయంత్రం ఇన్వర్టర్లవాళ్లు చుట్టూ మూగుతారు, మాట్లాడే తీరిక ఉండదు.