గుడ్‌వుడ్ హౌస్ టూర్: క్రికెట్ ఇష్టమున్నవాళ్లు తప్పకుండా వెళ్లండి

ఇంగ్లండ్‌లో చిచెస్టర్ దగ్గరున్న గుడ్‌వుడ్ హౌస్‌కి మా నాన్నని తీసుకెళ్లాను. గుంటూరు నుంచి వచ్చి రెండు వారాలుగా ఇంట్లోనే కూర్చున్నారు, ఎక్కడికి పిలిచినా "మళ్లీ ఆ పాత బంగళాలేనా" అనేవారు. ఇక్కడ మాత్రం కదలమన్నా కదల్లేదు.

ఇది రిచ్‌మండ్ డ్యూకుల (డ్యూక్ అంటే ప్రభువుల్లో అన్నిటికన్నా పెద్ద బిరుదు) ఇల్లు, ఇప్పటికీ ఆ కుటుంబానిదే. మొదటి డ్యూక్ చార్లెస్ లెనాక్స్, ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కీ లూయీజ్ ద కెరువాల్ అనే ఫ్రెంచి ప్రియురాలికీ 1672లో పుట్టిన కొడుకు. పెళ్లి కాకుండా పుట్టినవాడు కాబట్టి సింహాసనం రాదు, అందుకని 1675లో, మూడేళ్ల వయసులో, డ్యూక్‌ని చేశారు. దాంతోపాటు న్యూకాజిల్ నుంచి ఓడల్లో వెళ్లే బొగ్గు మీద పన్ను కూడా ఆ పిల్లాడికి రాసిచ్చారు! అది వందేళ్లకు పైగా ఈ కుటుంబానికి వస్తూనే ఉంది, 1799లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుని బదులుగా ఏటా 19,000 పౌండ్లు ఇస్తామంది. ఆ గదుల్లోని పింగాణీ, గోడలకు వేలాడే గోబెలిన్ (పారిస్‌లోని పేరున్న నేతశాల) బొమ్మల తివాచీలు చూస్తున్నంతసేపూ నాకు చలికాలంలో బొగ్గు కొనుక్కున్న పేదవాళ్లే గుర్తొచ్చారు. అందంగా లేవని కాదు, చాలా అందంగా ఉన్నాయి. ఇటలీ చిత్రకారుడు కెనలెట్టో వేసిన రెండు లండన్ చిత్రాల ముందైతే ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు.

రెండో డ్యూక్ పెళ్లి కథ వినాలి. పెద్దవాళ్ల జూదం బాకీ తీర్చడానికి 1719లో శారా కడోగన్‌తో పెళ్లి చేశారు, అబ్బాయికి 18, అమ్మాయికి పదిహేను కూడా నిండలేదు. పెళ్లవగానే ఆయన యూరప్ తిరగడానికి వెళ్లిపోయాడు. మూడేళ్లకు తిరిగొచ్చి ఒక థియేటర్లో అందరూ చూస్తున్న ఒక అమ్మాయి ఎవరని అడిగితే, మీ భార్యే అన్నారట. ఆ తర్వాత ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండలేదని చెబుతారు. ఆయన 1750లో పోతే ఆమె మరుసటి ఏడాదే పోయింది. ఆమె, కూతుళ్లు కలిసి గవ్వలతో అలంకరించిన చిన్న గది కూడా ఈ ఎస్టేట్‌లో ఉంది.

మా నాన్నని కట్టిపడేసింది కూడా ఈ రెండో డ్యూకే. 1727లో బ్రాడ్రిక్ అనే ఆయనతో మ్యాచ్ పెట్టుకుని షరతులు కాగితం మీద రాసుకున్నారు, మనకు తెలిసినంతలో రాసిపెట్టిన క్రికెట్ నిబంధనల్లో అవే మొదటివి. ఆట మీద ఆటగాళ్లెవరైనా నోరు విప్పితే మ్యాచ్ నుంచి బయటికే, డ్యూక్‌కీ బ్రాడ్రిక్‌కీ మాత్రం ఆ రూల్ వర్తించదు. "అప్పుడు కూడా పెద్దవాళ్లకి వేరే రూలేనన్నమాట" అన్నారు నాన్న. తర్వాత నాలుగో డ్యూక్ అయినాయన, థామస్ లార్డ్ 1787లో లండన్‌లో తన పేరుతో లార్డ్స్ క్రికెట్ మైదానం తెరిచినప్పుడు నష్టమొస్తే భరిస్తామని హామీ ఇచ్చినవాళ్లలో ఒకడు. లార్డ్స్ పేరు వినగానే నాన్న ముఖం చూడాల్సింది! నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధానికి మూడు రోజుల ముందు, 1815 జూన్ 15న, బ్రస్సెల్స్‌లో జరిగిన ప్రసిద్ధ నృత్య విందు కూడా ఈయన భార్య ఇచ్చిందే. పాపం, 1819లో కెనడాలో నక్క కరిచి రేబిస్‌తో పోయాడు.

ఈ ఎస్టేట్‌లో జరిగే గుర్రప్పందేల గురించీ కార్ల పోటీల గురించీ నేను పెద్దగా రాయను, వాటికోసం వచ్చేవాళ్లు వేరే. ఒక్క మాట: ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్ అనే కార్ల పండుగ రోజుల్లో ఇల్లు చూద్దామని బయల్దేరకండి. మామూలప్పుడు కూడా రోజూ తెరవరు, తేదీలు చూసి ముందే బుక్ చేసుకోండి. చిన్నపిల్లలకు విసుగొస్తుంది, పెద్దవాళ్లని మాత్రం తీసుకెళ్లండి.

బయటికొచ్చాక ఇంటి ముందున్న క్రికెట్ గ్రౌండ్ అంచున నాన్న చాలాసేపు నిలబడ్డారు. ఆ రోజు మ్యాచ్ లేదు. ఎప్పుడుంటుందో కనుక్కోమన్నారు.